ఖత్నాకు ముందు ఒక పరీక్ష: పసివారి మూత్ర, జననావయవాల జన్మలోపాలు

మన కుటుంబాలలో మగబిడ్డ ఖత్నా ఒక సంతోష సందర్భం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో దానికి మరొక లెక్క కూడా ఉంటుంది. చాలా ఇళ్ళలో ఇంటి యజమాని దుబాయిలోనో, సౌదీలోనో, కువైట్‌లోనో పని చేస్తూ ఉంటాడు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి సెలవు మీద వస్తాడు. ఆ నెల రెండు నెలల వ్యవధిలోనే చెల్లెలి నికాహ్ జరగాలి, ఇంటి పైకప్పు పడాలి, కొడుకు ఖత్నా కూడా కావాలి. తేదీ నిర్ణయిస్తారు, బంధువులను దావత్‌కు పిలుస్తారు, హజ్జామ్‌కో డాక్టరుకో కబురు పంపుతారు. ఇన్ని ఏర్పాట్లలో ఒక్క పని మాత్రం తరచుగా మరచిపోతాము. కత్తి పెట్టకముందు బిడ్డ అంగం సహజంగా ఉన్నదా లేదా అని తెలిసినవారు ఎవరైనా పరీక్షించారా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని కొందరు బిడ్డల విషయంలో వారి భవిష్యత్తు దీనిమీదనే ఆధారపడి ఉన్నది. మూత్రమార్గంలో ఒక రకమైన జన్మలోపం ఉన్న బిడ్డకు, ఆ లోపాన్ని సరిచేయడానికి కావలసిన చర్మం ఖత్నాలో కోసి పారవేసే ఆ ముందరి చర్మమే. దానిని తొలగించిన తరువాత లోపం సంగతి తెలిస్తే, డాక్టరుకు అత్యంత అవసరమైన వస్తువు అప్పటికే చేజారిపోయి ఉంటుంది. అందుచేత ఈ వ్యాసంలో పసిపిల్లల మూత్ర, జననావయవాలలో పుట్టుకతో వచ్చే ముఖ్యమైన లోపాలు ఏవి, వాటిని ఎలా గుర్తించాలి, వాటికి ఏ చికిత్సలు ఉన్నాయి, ఈ విషయమై షరీఅత్ మనకు ఎంత వెసులుబాటు ఇచ్చింది అన్న సంగతులను వివరిస్తాము. విషయం సున్నితమైనదే. అయినా ధర్మాన్ని నేర్చుకునే సందర్భంలో సిగ్గు అడ్డు రాకూడదన్నది మన పెద్దల సంప్రదాయం. తహారత్, గుస్ల్ నియమాలను మన ఫిఖహ్ గ్రంథాలు ఎంత విడమరచి చెప్పాయో పాఠకులకు తెలిసిన విషయమే.

లోపం ఎలా ఏర్పడుతుంది?

తల్లి గర్భంలో మొదటి వారాలలో ఆడ, మగ శిశువుల బాహ్య జననాంగాలు ఒకే విధంగా ఉంటాయి. సుమారు 8వ వారం నుంచి 14వ వారం వరకు మగశిశువులో పురుష హార్మోను ప్రభావం వల్ల రెండు మడతలు వెనుక నుంచి ముందుకు ఒకదానితో ఒకటి అతుక్కుంటూ వచ్చి మూత్రమార్గపు గొట్టం ఏర్పడుతుంది. సంచి మూతికి జిప్పు వేసుకుంటూ వచ్చినట్టు ఈ పని సాగుతుందని అనుకోవచ్చు. ఆ జిప్పు చివరిదాకా చేరకుండా మధ్యలో ఆగిపోతే, మూత్రం బయటికి వచ్చే రంధ్రం అంగం కొనకు బదులుగా దాని అడుగు భాగంలో ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది. దీనినే వైద్యులు హైపోస్పేడియాస్ అంటారు. సుమారు 200 నుంచి 300 మంది మగపిల్లలలో ఒకరికి ఈ లోపం కనిపిస్తుంది. అంటే ఇది ఎక్కడో అరుదుగా వినే జబ్బు కాదు. ఒక పెద్ద మొహల్లాలో ఒకరిద్దరు పిల్లలైనా ఉండే అవకాశం ఉన్నది.

తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చినందువల్లనో, ఏదో తినకూడనిది తిన్నందువల్లనో, ఎవరి దిష్టి తగిలినందువల్లనో ఇలా జరిగిందని చెప్పుకోవడం నిరాధారం. చాలా సందర్భాలలో కచ్చితమైన కారణం ఇదని ఏ వైద్యుడూ చెప్పలేడు. కొన్నిటిలో వంశపారంపర్యం ఉంటుంది. తండ్రికో అన్నకో ఇదే లోపం ఉంటే తరువాతి బిడ్డను మరింత జాగ్రత్తగా చూడాలి. తల్లిని నిందించడం మాత్రం అన్యాయం.

మూడు గుర్తులు

హైపోస్పేడియాస్‌ను గుర్తించడానికి యంత్రాలు అక్కరలేదు, పగటి వెలుతురు, తెలిసిన కన్ను చాలు. మొదటి గుర్తు: మూత్రపు రంధ్రం కొన మీద కాక అడుగున ఉండటం. మూత్రధార ముందుకు కాక కిందికి, కాళ్ళ మీదికి పడుతుంది. రెండవ గుర్తు: అంగం, ముఖ్యంగా బిగిసినప్పుడు, కిందికి వంగి ఉండటం. మూడవ గుర్తు: ముందరి చర్మం చుట్టూ సమానంగా లేకుండా అడుగున లోపించి, పైభాగాన టోపీ మాదిరిగా పేరుకొని ఉండటం. ఈ మూడవ గుర్తు వల్లనే బిడ్డ శిరోభాగం బయటికి కనిపిస్తుంది. చూసినవారు "బిడ్డకు పుట్టుకతోనే ఖత్నా అయింది" అని అనుకుంటారు.

ఒక్కొక్కసారి ముందరి చర్మం పూర్తిగానే ఉండి, దాని లోపల మాత్రం రంధ్రం వెడల్పుగా, కిందికి జారి ఉంటుంది. ఖత్నా కోసం చర్మాన్ని వెనుకకు జరిపినప్పుడు గాని ఇది బయటపడదు. కనుక ఖత్నా చేసేవారు చర్మాన్ని వెనుకకు తీసి రంధ్రం ఎక్కడున్నదో చూసిన తరువాతనే కోత పెట్టాలి. అనుమానం కలిగిన క్షణంలోనే పని ఆపివేయాలి. అతిథులు వచ్చి కూర్చున్నారనో, భోజనాలు సిద్ధమయ్యాయనో ముందుకు సాగరాదు. దావత్‌ను దావత్‌గానే జరుపుకోవచ్చు, ఖత్నాను వాయిదా వేయవచ్చు.

శస్త్రచికిత్స ఎలా జరుగుతుంది?

రంధ్రం కొనకు అతి దగ్గరలో ఉండి, వంపు లేక, ధార సరిగానే పడుతుంటే కొందరికి ఆపరేషన్ అవసరం రాకపోవచ్చు. ఆ నిర్ణయం పిల్లల శస్త్రవైద్యునిది. అవసరమైనప్పుడు సాధారణంగా 6 నుంచి 18 నెలల వయస్సు అనుకూలమని నేటి వైద్యుల అభిప్రాయం. ఆ వయస్సులో గాయం త్వరగా మానుతుంది, బిడ్డకు ఆ బాధ జ్ఞాపకం ఉండదు.

బిడ్డకు పూర్తి మత్తు ఇచ్చి ముందుగా వంపును సరిచేస్తారు. తరువాత ఉన్న చర్మంతోనే కొన వరకు కొత్త మూత్రమార్గాన్ని నిర్మిస్తారు. అమెరికా వైద్యుడు వారెన్ స్నాడ్‌గ్రాస్ 1994లో ప్రచురించిన పద్ధతి నేడు ప్రపంచమంతటా విస్తృతంగా వాడుకలో ఉన్నది. అందులో మూత్రమార్గపు పలకను నిలువుగా గాటు పెట్టి వెడల్పు చేసి, ఒక సన్నని గొట్టం చుట్టూ చుట్టి కుడతారు. ఆ కుట్టు మీద రక్షణ పొరగా కప్పడానికి, పలక చాలనప్పుడు అతుకుగా వేయడానికి, అంగం అడుగున తక్కువైన చర్మాన్ని పూరించడానికి ముందరి చర్మమే పనికి వస్తుంది. మెత్తదనంలో, సాగే గుణంలో, వెంట్రుకలు లేకపోవడంలో దానికి సాటి అయిన చర్మం శరీరంలో దగ్గరలో మరొకటి లేదు. అది లేనప్పుడు నోటి లోపలి పొర నుంచి ముక్క తీసి వాడవలసి రావచ్చు. ఆపరేషన్ చివర మిగిలిన చర్మాన్ని తొలగిస్తారు కనుక ఖత్నా కూడా అందులోనే పూర్తి కావచ్చు. ఈ విషయాన్ని ముందుగానే వైద్యునికి చెప్పుకోవాలి.

కొన్ని రోజుల పాటు సన్నని గొట్టం ద్వారా మూత్రం బయటికి వస్తుంది. దానిని లాగకుండా చూడటం తల్లి పని. లోపం తీవ్రంగా ఉంటే ఆపరేషన్‌ను రెండు దశలుగా, సుమారు 6 నెలల ఎడంతో చేస్తారు. కొందరిలో కుట్టు దగ్గర చిన్న చిల్లు ఏర్పడి మూత్రం కారవచ్చు, మరికొందరిలో మార్గం సన్నబడవచ్చు. అప్పుడు మరల సరిచేయవలసి ఉంటుంది. దీనిని విని నిరుత్సాహపడి మధ్యలో వదిలివేయకూడదు.

ఇప్పటికే ఖత్నా అయిపోయిన బిడ్డలో ఈ లోపం బయటపడితే? తల్లిదండ్రులు తమను తాము నిందించుకుంటూ కూర్చోవద్దు. పని కష్టతరమవుతుంది గాని అసాధ్యం కాదు. అనుభవం గల వైద్యుని వద్దకు వెంటనే తీసుకొని వెళ్ళాలి.

"పుట్టుకతో ఖత్నా" అనే మాట

ఈ పొరపాటు మన ఊళ్ళకే పరిమితం కాదు. తుర్కీలో ఇలాంటి బిడ్డను "ప్రవక్త సున్తీ" అయినవాడంటారు. అరబ్బులలో "చంద్రుడు ఖత్నా చేశాడు" అనే నానుడి పూర్వం నుంచీ ఉన్నది. హిజ్రీ 751లో, అనగా క్రీ.శ. 1350లో మరణించిన ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) నవజాత శిశువుల ఆదేశాలపై రాసిన 'తుహ్ఫతుల్ మౌదూద్' గ్రంథంలో ఈ నానుడిని ప్రస్తావించారు. అలా పుట్టడం ప్రత్యేక ఘనతకు సూచన కాదని, సామాన్య ప్రజలలో కూడా అనేకులు అలా పుడతారని ఆయన వివరించారు. పుట్టుకతోనే ముందరి చర్మం లేని బిడ్డకు కత్తి తగిలించవలసిన అవసరం లేదని ఫుఖహాలు చెప్పిన మాట కూడా గమనార్హం. అలాంటి బిడ్డను చూసి గర్వపడటానికి ముందు రంధ్రం ఎక్కడ ఉన్నదో చూడాలి.

ఈ లోపాన్ని వైద్య విషయంగా పరిశీలించినవారు మనలో పూర్వమే ఉన్నారు. అందలూసియాలోని ఖుర్తుబా సమీపంలో నివసించి సుమారు 1013లో మరణించిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన 'అత్తస్రీఫ్' మహాగ్రంథంలోని 30వ భాగాన్ని పూర్తిగా శస్త్రచికిత్సకు కేటాయించారు. అందులో ఖత్నా చేసే విధానానికి ఒక అధ్యాయం, మూత్రపు రంధ్రం మూసుకొని గాని, సన్నగా గాని, తప్పు స్థానంలో గాని పుట్టిన పిల్లల చికిత్సకు మరొక అధ్యాయం ఉన్నాయి. తెరిచిన రంధ్రం మరల మూసుకోకుండా సీసపు కడ్డీని అమర్చి ఉంచడం గురించి ఆయన రాశారు. రంధ్రం అడుగున ఉన్నవాడు అంగాన్ని పైకి ఎత్తిపట్టుకుంటే గాని సరిగా మూత్రం పోయలేడని, అతనికి సంతానం కలగడం కూడా కష్టమని ఆయన గమనించారు. 1465లో అనతోలియాలోని అమాసియాకు చెందిన షరఫుద్దీన్ సాబూంజీ ఓగ్లు తుర్కీ భాషలో రచించిన శస్త్రచికిత్స గ్రంథంలో ఈ చికిత్సల రంగుల బొమ్మలు కూడా ఉన్నాయి. వారి పద్ధతులు నేడు ఆచరణలో లేవు. కాని లోపాన్ని లోపంగా గుర్తించి చికిత్స వెతకాలన్న వారి దృష్టి మనకు నేటికీ అవసరమే.

షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు

ఖత్నా ఇస్లామీయ చిహ్నాలలో ఒకటి. హనఫీ, మాలికీ ఫుఖహాల దృష్టిలో అది సున్నత్, షాఫయీ, హంబలీ ఫుఖహాల దృష్టిలో వాజిబ్. అయితే వాజిబ్ అన్నవారు సైతం హాని కలిగే భయం ఉన్నప్పుడు దానిని వాయిదా వేయడానికి అనుమతించారు. హానిని తొలగించడం ఫిఖహ్ మూలసూత్రాలలో ఒకటి. కనుక వైద్యుడు ఆగమన్నప్పుడు ఆగిన తండ్రి సున్నత్‌ను వదిలినవాడు కాడు, దానిని సరియైన సమయానికి వాయిదా వేసినవాడు మాత్రమే. "ఫలానావారి బిడ్డకు ఇంకా కాలేదు" అనే బంధువుల మాటలకు వెరవవలసిన పని లేదు.

అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా అని కొందరు సందేహిస్తారు. అలంకారం కోసం సృష్టిని మార్చడం వేరు, లోపాన్ని తొలగించడం వేరు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) అనే సహాబీకి బంగారు ముక్కు పెట్టుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతి ఇచ్చిన సంఘటన అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది. చికిత్స చేయించుకోమని ఆయన (స) ఆదేశించిన సంగతి కూడా పాఠకులకు తెలిసినదే. పైగా ఈ బిడ్డ విషయంలో శరీర పవిత్రత, రేపటి దాంపత్యం, సంతానం ముడిపడి ఉన్నాయి. చికిత్స కోసం వైద్యునికి అవసరమైనంత మేరకు సతర్‌ను చూపడం అనుమతించబడినదే.

దిగని వృషణం

మగబిడ్డలో తరచుగా కనిపించే మరొక లోపం వృషణం సంచిలోకి దిగకపోవడం. గర్భంలో వృషణాలు కడుపులో మూత్రపిండాల సమీపంలో ఏర్పడి, పుట్టే నాటికి కిందికి దిగుతాయి. నెలలు నిండి పుట్టిన మగపిల్లలలో నూటికి సుమారు ముగ్గురికి, నెలలు నిండకముందే పుట్టినవారిలో నూటికి సుమారు 30 మందికి కనీసం ఒక వృషణం దిగి ఉండదు. వీరిలో చాలామందికి మొదటి కొన్ని నెలల్లోనే అది దానంతట అదే దిగుతుంది. ఏడాది వచ్చేసరికి నూటికి సుమారు ఒకరికే లోపం మిగులుతుంది.

"పెద్దయితే అదే దిగుతుంది" అనే మాట ఎన్నో ఇళ్ళలో వింటాము. 6 నెలలు దాటిన తరువాత దిగే అవకాశం చాలా తక్కువ. సంచిలో ఉష్ణోగ్రత కడుపు లోపలికంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. వృషణం ఎదుగుదలకు ఆ చల్లదనం అవసరం. కడుపులోని వేడిలో ఏళ్ళ తరబడి ఉండిపోతే అందులోని సంతానబీజ కణాలు క్షీణిస్తాయి, పెద్దవాడైన తరువాత అందులో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే 6 నెలలకు దిగకపోతే వైద్యునికి చూపించి, 12 నుంచి 18 నెలల లోపు ఆపరేషన్ చేయించడం మంచిది. వృషణాన్ని కిందికి దించి సంచిలో స్థిరంగా కుట్టే ఈ ఆపరేషన్‌లో చాలామంది బిడ్డలు అదే రోజు గాని మరునాడు గాని ఇంటికి వస్తారు. చేతికి తగలని వృషణాన్ని కడుపులోకి చిన్న దుర్బిణీ పంపి వెతుకుతారు.

ఒక జాగ్రత్త. చలికి, భయానికి వృషణాలు తాత్కాలికంగా పైకి పోవడం సహజం. బిడ్డకు గోరువెచ్చని నీళ్ళు పోసేటప్పుడు రెండూ సంచిలో కనిపిస్తే ఆందోళన పడనక్కరలేదు. కాని హైపోస్పేడియాస్, దిగని వృషణం రెండూ ఒకే బిడ్డలో ఉంటే తప్పనిసరిగా హార్మోను, క్రోమోజోము పరీక్షలు చేయించాలి.

గజ్జలో గాని సంచిలో గాని ఏడ్చినప్పుడు ఉబ్బి, పడుకున్నప్పుడు తగ్గే వాపు హెర్నియా కావచ్చు. అలాంటి వాపు గట్టిపడి, లోపలికి పోక, బిడ్డ ఏడుస్తూ వాంతులు చేసుకుంటే ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలి. తాయెత్తు కట్టి ఉదయం వరకు చూద్దామనుకుంటే పేగు చెడిపోవచ్చు.

కంటికి కనిపించని లోపాలు

మూత్రపిండాలకు, వాటి నాళాలకు సంబంధించిన లోపాలు బయటికి కనిపించవు. గర్భం 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కానులో వీటిని చాలావరకు కనుగొనవచ్చు. నూరు గర్భాలలో ఒకటి నుంచి ఐదింటిలో శిశువు మూత్రపిండంలో నీరు నిలిచినట్టు కనిపిస్తుంది. వీటిలో అధికభాగం పుట్టిన తరువాత వాటంతట అవే తగ్గిపోతాయి. కాని తగ్గిందో లేదో మరల స్కాను చేయించి తెలుసుకోవాలి. చాలామంది కాన్పు కాగానే ఆ రిపోర్టును పెట్టెలో పెట్టి మరచిపోతారు. ఆ కాగితాన్ని పిల్లల వైద్యునికి చూపించడం తల్లిదండ్రుల బాధ్యత. నాళం మొదట్లో అడ్డు ఉండి మూత్రపిండం దెబ్బతింటున్నదని తేలితే, ఆ ఇరుకు భాగాన్ని తీసివేసి రెండు కొసలను తిరిగి కలుపుతారు. దీని ఫలితాలు చాలా బాగుంటాయి.

మగబిడ్డలలో మరింత ప్రమాదకరమైనది మూత్రమార్గం వెనుక భాగంలో పొరలు అడ్డుపడటం. సుమారు 5,000 నుంచి 8,000 మంది మగశిశువులలో ఒకరికి ఇది ఉంటుంది. మూత్రం ధారగా రాక బొట్లు బొట్లుగా పడటం, ముక్కుతూ పోయడం, పొత్తికడుపులో గట్టిగా గడ్డవలె తగలడం, మాటిమాటికి జ్వరం రావడం దీని లక్షణాలు. గొట్టం ద్వారా మందు పంపి, బిడ్డ మూత్రం పోస్తుండగా ఎక్స్‌రే తీసి దీనిని నిర్ధారిస్తారు. సన్నని దుర్బిణీ ద్వారా ఆ పొరలను తెంచివేస్తారు. ధార బాగుపడినంత మాత్రాన పని పూర్తయిందనుకోరాదు. ఈ బిడ్డల మూత్రపిండాలను పెద్దయ్యే వరకు కనిపెట్టి ఉండాలి. కారణం తెలియని జ్వరం పసిబిడ్డకు వచ్చినప్పుడల్లా మూత్ర పరీక్ష చేయించడం మంచి అలవాటు.

అతి అరుదుగా మూత్రాశయమే పొట్ట మీద తెరుచుకొని పుట్టే బిడ్డ ఉంటుంది. దాని మీద పొడిబట్ట వేయక, శుభ్రమైన పలుచని ప్లాస్టిక్ పొర కప్పి, వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

ఆడబిడ్డలను మరువరాదు

మగబిడ్డకు ఖత్నా సందర్భంలోనైనా ఎవరో ఒకరు చూస్తారు. ఆడబిడ్డ విషయంలో ఆ అవకాశం కూడా లేదు. ఒక బాలిక మామూలుగానే మూత్రానికి వెళ్ళి వస్తూ ఉంటుంది. అయినా రాత్రింబగళ్ళు ఆమె బట్టలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. సోమరితనమని తల్లి కొడుతుంది, బడిలో పిల్లలు ఎగతాళి చేస్తారు. నిజానికి ఒక మూత్రపిండం నుంచి వచ్చే నాళం మూత్రాశయంలో కాక దాని దిగువన తెరుచుకొని ఉంటే ఇలా జరుగుతుంది. ఒక ఆపరేషన్‌తో ఆ బాలిక బాధ తీరిపోవచ్చు. అంతవరకు నమాజు వయస్సు వచ్చిన బాలికను "నాపాక్" అని దూరం పెట్టరాదు. ఎడతెగక మూత్రం కారేవారిని ఫుఖహాలు మాజూర్ అన్నారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకొని ఆమె నమాజు చేయవచ్చు.

యుక్తవయస్సు వచ్చి నెలనెలా కడుపునొప్పితో బాధపడుతూ ఇంకా ఋతుస్రావం మొదలు కాని బాలికలో మార్గం పొరతో మూసుకొని ఉండవచ్చు. ఇది చిన్న శస్త్రచికిత్సతో నయమవుతుంది. వీలైనచోట మహిళా వైద్యురాలికి చూపించాలి. వీలు లేదని చికిత్సనే మానుకోవడం తగదు.

ఆడా మగా అన్నది తేలనప్పుడు

కొన్ని శిశువుల అంగాలను చూసి ఆడా మగా అని వెంటనే చెప్పలేము. ఇంటిల్లిపాదికీ ఇది గొప్ప పరీక్ష. మన ఫుఖహాలు ఈ సంగతిని దాచిపెట్టలేదు. 1197లో మరణించిన ఇమామ్ మర్గీనానీ (రహ్మ) 'హిదాయా' గ్రంథం ఖుంసా అధ్యాయంతోనే ముగుస్తుంది. మూత్రం ఏ మార్గం నుంచి వస్తుందో చూసి నిర్ణయించాలని, తేలనప్పుడు నమాజులోను, వారసత్వంలోను జాగ్రత్త పాటించాలని అందులో నియమాలు ఉన్నాయి. అంటే అలాంటి వ్యక్తిని సమాజం వెలుపలికి నెట్టలేదు, హక్కులు గల మనిషిగా చూశారు.

నేడు రక్త పరీక్ష, క్రోమోజోము పరీక్ష, స్కాను ద్వారా లోపలి స్థితిని తెలుసుకోవచ్చు. ఇక్కడ ఒక అత్యవసర విషయం ఉన్నది. ఇలాంటి కొన్ని శిశువులలో అడ్రినల్ గ్రంథి లోపం వల్ల శరీరంలోని ఉప్పు బయటికి పోతుంది. పుట్టిన రెండవ వారం ప్రాంతంలో వాంతులు, నీరసం వచ్చి మందు అందకపోతే ప్రాణాపాయం. సిగ్గుతో శిశువును ఇంట్లో దాచిపెట్టడం దాని ప్రాణంతో ఆడుకోవడమే. సమయానికి గుర్తిస్తే రోజూ వేసుకునే మాత్రలతో ఆ బిడ్డ ఆరోగ్యంగా పెరుగుతుంది. ఈ లోపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచి జన్యువు వచ్చినప్పుడే కలుగుతుంది. ఒక బిడ్డకు వస్తే తరువాతి ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గరి బంధువుల వివాహాలలో ఇది ఎక్కువ. అలాంటి వివాహం షరీఅత్‌లో అనుమతించబడినదే గాని ఆదేశించబడినది కాదు. కనుక ఈ లోపం ఉన్న కుటుంబాలు వైద్య సలహా తీసుకోవాలి.

ఏడవ నాటి అఖీఖాలో పేరు పెట్టాలన్న తొందర, 21 రోజులలో జనన నమోదు చేయించాలన్న తొందర ఇక్కడ పనికిరాదు. పేరును వాయిదా వేయవచ్చు, నమోదును ఆలస్యంగా చేయించడానికి కూడా చట్టంలో వీలున్నది. మక్కాలోని రాబితా ఫిఖహ్ అకాడమీ 1989లో తన 11వ సమావేశంలో, పూర్తి పురుషునిగా గాని స్త్రీగా గాని ఉన్నవారు లింగం మార్చుకోవడం నిషిద్ధమని, రెండు లక్షణాలూ కలిసి పుట్టినవారికి అస్పష్టతను తొలగించే చికిత్స అనుమతించబడినదని తీర్మానించింది. అయినా శస్త్రచికిత్స విషయంలో తొందర కూడదు. ప్రాణానికి అవసరం కాని ఇలాంటి ఆపరేషన్లను శిశువులకు చేయరాదని తమిళనాడు ప్రభుత్వం 2019లో ఉత్తర్వు ఇచ్చింది. ఒకసారి కోసినది తిరిగి రాదు. వైద్యులతోను, ఆలిములతోను సంప్రదించి అడుగు వేయాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

పూర్వం ఈ ప్రాంతంవారికి హైదరాబాదు ప్రయాణమే పెద్ద అడ్డంకి. ఇప్పుడు జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కోరుట్లవారికి జగిత్యాల దగ్గరే. మొదటి పరీక్ష అక్కడి పిల్లల వైద్యుని వద్ద జరగవచ్చు. ఆపరేషన్ మాత్రం పిల్లల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారి చేతనే చేయించాలి. హైదరాబాదులో 1953 నుంచి పిల్లలకు సేవ చేస్తున్న నీలోఫర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో హైపోస్పేడియాస్, దిగని వృషణం వంటి లోపాల ఆపరేషన్లు చేరి ఉన్నాయి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే వివరాలు చెబుతారు.

అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం 2013లో ప్రారంభమైంది. అందులో నిర్దేశించిన 9 జన్మలోపాలలో గ్రహణమొర్రి, గుండె లోపం, వంకర పాదం వంటివి ఉన్నాయి గాని మూత్రావయవాల లోపాలు లేవు. కనుక ఎవరో వచ్చి కనుగొంటారని ఎదురు చూడరాదు. చూడవలసినవారము మనమే.

బీడీలు చుట్టే తల్లికి, మరమగ్గం మీద పని చేసే తండ్రికి ఆపరేషన్ ఉచితమైనా బస్సు చార్జీ, నగరంలో పది రోజుల తిండి, పోయిన కూలి భారమే. జకాత్‌కు అర్హులైన అలాంటివారిని గుర్తించి మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్‌లు ఆదుకోవచ్చు. దావత్ ఖర్చులో కొంత తగ్గించుకున్నా ఒక పేద బిడ్డ ప్రయాణం సాగుతుంది.

చివరి మాట

ఖత్నా చేసే హజ్జామ్ సోదరులకు మా మనవి ఒక్కటే. రంధ్రం ఎక్కడున్నదో, వంపు ఉన్నదో లేదో, రెండు వృషణాలూ ఉన్నాయో లేవో చూడండి. ఆ ఇంట్లో ఎవరికైనా చిన్న గాయానికే రక్తం ఆగని జబ్బు ఉన్నదా అని అడగండి. అనుమానం ఉంటే కత్తి కింద పెట్టి డాక్టరు వద్దకు పంపండి. ఇందువల్ల మీ గౌరవం తగ్గదు, పెరుగుతుంది. ఇమామ్ సాహెబులు జుమా ప్రసంగంలో ఏడాదికి ఒకసారి ఈ సంగతి చెప్పినా ఎందరో బిడ్డలకు మేలు జరుగుతుంది.

తండ్రులకు కూడా ఒక మాట. సెలవు అయిపోతున్నదని తొందరపడకండి. మీరు లేకుండానే ఖత్నా జరిగినా ఫరవాలేదు, వచ్చే సెలవులో జరిగినా ఫరవాలేదు. బిడ్డ మన చేతికి అల్లాహ్ ఇచ్చిన అమానత్. ఆ అమానత్‌ను ఒక్కసారి వెలుతురులో జాగ్రత్తగా చూడటానికి అయిదు నిమిషాలు చాలు.